ఇంటిల్లిపాదికీ ఒక తెరచాప పడవ

రండి, ఆ పీట ఇటు లాక్కుని కూర్చోండి. ధనుర్మాసం వచ్చిందంటే నర్సీపట్నంలో పొద్దు వాలగానే లంబసింగి వైపు నుంచి చలి దిగుతుంది. పెరట్లో నాలుగు కట్టెలు ఎగదోసుకుని కూర్చుంటే కబుర్లు వాటంతటవే వస్తాయి. ఇవాళ్టి కబురు పడవల గురించి. కొండల కింద ఊళ్ళో పడవల మాటేమిటని అనుకోకండి. మనకు నీళ్ళకేం లోటు? నాతవరం పక్కనే తాండవ జలాశయం. అచ్యుతాపురం దగ్గర కొండకర్ల ఆవ. పాయకరావుపేట దాటితే పెంటకోట, ఇటు రేవుపోలవరం, ఇంకాస్త పైకి వెళ్తే పూడిమడక. అక్కణ్ణుంచి అంతా బంగాళాఖాతమే. ఇన్ని నీళ్ళుండి కూడా, ఆదివారం పొద్దున ఇంటిల్లిపాదీ చిన్న తెరచాప పడవెక్కి తిరిగొచ్చే అలవాటు మనకు లేకపోవడం నాకెప్పుడూ వెలితిగానే ఉంటుంది.

మొన్న మా పిన్ని కొడుకు ఫోన్ చేశాడు. "అన్నయ్యా, తెరచాప పడవ ఒకటి కొందామనుకుంటున్నాను. పొద్దున వెళ్ళి మధ్యాహ్నం భోజనం వేళకి ఇంటికొచ్చెయ్యాలి. పడుకునే గది, వంటగది లాంటివేవీ అక్కర్లేదు. అయిదుగురం కూర్చుంటే చాలు. ఏది కొనమంటావు?"

"అయిదుగురిలో పిన్ని ఉందా?" అన్నాను.

"అమ్మ రాకపోతే పిల్లలు కదలరు."

"అయితే పిన్ని మోకాళ్ళ దగ్గర మొదలుపెడదాంరా."

నవ్వాడు గానీ, నేనన్నది మనస్ఫూర్తిగానే. పడవ కొనేవాళ్ళు మామూలుగా వేగం దగ్గర మొదలుపెడతారు. ఎంత తెరచాప ఉంది, ఎంత పరిగెడుతుంది అని అడుగుతారు. ఆ లెక్క కుటుంబానికి పనికిరాదు. 15 అడుగుల పడవ నీళ్ళను చీల్చుకుంటూ పోయినంతసేపూ దాని వేగానికి ఒక హద్దుంటుంది. 5 నాట్లు, అంటే గంటకు 9 కిలోమీటర్ల చిల్లర. ఆ హద్దు పడవ పొడవును బట్టి వచ్చేదే. తెరచాప ఎంత పెంచినా మామూలు కుటుంబ పడవ దాన్ని పెద్దగా దాటదు. దాటాలంటే బరువు తగ్గించాలి, వెడల్పు తగ్గించాలి, మనుషులు అంచు మీదకెక్కి వెనక్కి వాలి వేలాడాలి. ఆ సరదా పందేల కుర్రాళ్ళది. ఇంట్లో అందరికంటే ఇబ్బంది పడే మనిషెవరో చూసుకుని, ఆ మనిషికి సరిపోయే పడవ తీసుకుంటే మిగతావాళ్ళందరికీ అదే సరిపోతుంది. ఈ ఒక్కమాట పట్టుకుంటే సగం పడవలు వాటంతటవే పక్కకి తప్పుకుంటాయి.

మోకాళ్ళ సంగతి ఎందుకన్నానంటే, తాండవ గట్టున జెట్టీ మీంచి పడవలోకి దిగే వసతి ఉంటుందనుకోకూడదు. మోకాలి లోతు నీళ్ళలో నిలబడి, పడవ అంచు మీంచి కాలు ఎత్తి లోపల వెయ్యాలి. సన్నపాటి పడవైతే అంచు మీద చెయ్యి ఆనించగానే అటు ఒరిగిపోతుంది. పెద్దావిడ ఒకసారి బెదిరితే మళ్ళీ ఎక్కదు. వెడల్పు పడవ అలా ఒరగదు. 16 అడుగుల పొడవుకు 6 అడుగులకు తగ్గని వెడల్పు ఉండాలి. అడుగుభాగం మరీ గుండ్రంగా కాకుండా కాస్త పరుచుకుని ఉండాలి. అప్పుడు ఒక పక్క మనిషి కూర్చుంటే ఆ పక్క పడవ పొట్ట నీళ్ళలో ఇంకొంచెం మునిగి, నీరే దాన్ని తిరిగి పైకి తోస్తుంది. నిలకడ ఈ వెడల్పులోంచే వస్తుంది. బరువు కోసం అడుగున ఇనుమో సీసమో పెట్టే పెద్ద పడవల దారి వేరు. అవి లోతైన రేవుల్లో ఉండేవి, మన గట్టుకి రావు.

లోపల కూర్చునే చోటు సంగతి ఇంకా ముఖ్యం. పందెం పడవలో మనిషి కూర్చునేది అంచు మీద. కుటుంబ పడవలో లోపల బల్ల ఉండాలి, వీపుకి ఆనుకునే ఎత్తులో పక్క గోడ ఉండాలి, పడవ ఒరిగినప్పుడు ఎదుటి బల్లకి పాదం తన్నిపెట్టుకునేంత దగ్గరలో ఆ బల్ల ఉండాలి. ఈ మూడోది చాలామంది చూడరు. వెడల్పు బాగా ఎక్కువై పాదం అందకపోతే మనిషి బల్ల మీంచి జారుతూనే ఉంటాడు, రెండు గంటలకి నడుము పట్టేస్తుంది. కొనేముందు ఒడ్డు మీదే పడవలో కూర్చుని, ఇంకొకళ్ళని పడవను ఒక పక్కకి వంచమని చూడండి. అమ్మేవాళ్ళు ఏమనుకుంటారో అని మొహమాటపడకండి.

ఇంకొకటి అడ్డకర్ర. తెరచాప కింది అంచుని పట్టి ఉంచే కర్ర అది, బూమ్ అంటారు. గాలి వెనక నుంచి వీస్తున్నప్పుడు పడవ తిప్పితే అది ఒక పక్క నుంచి ఇంకో పక్కకి ఒక్క విసురున వస్తుంది. పందెంవాళ్ళకి తల వంచడం అలవాటు. ఆరేళ్ళ పిల్లాడికి, కబుర్లలో పడ్డ పెద్దావిడకి ఆ అలవాటు ఎలా వస్తుంది? అందుకని టేపు పట్టుకెళ్ళండి. బల్ల మీద నిటారుగా కూర్చున్న మనిషి తలకీ ఆ కర్రకీ మధ్య బెత్తెడు ఖాళీ అయినా ఉండాలి. ఇంగ్లండులో జాన్ వాట్కిన్సన్ 1960లలో గీసిన డ్రాస్కోమ్ లగ్గర్ అనే పడవకి అసలు బూమే లేదు. 18 అడుగుల 9 అంగుళాల పొడవు, చాపలన్నీ చిన్నచిన్నవి, కింది అంచున తాడే గానీ కర్ర లేదు. అది గీసినవాడి మనసులో పిల్లాపాపా ఉన్నారని చూడగానే తెలుస్తుంది. కాకపోతే ఇంచుమించు 340 కిలోల బరువు. తాండవ గట్టు బురదలో ఇద్దరు మనుషులు లాగలేరు.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. పొద్దున వెళ్ళి మధ్యాహ్నానికి తిరిగిరావడం మన తీరానికి కొత్తేమీ కాదు. మోటార్లు రాకముందు మన జాలర్లు రోజూ చేసింది అదే. తెల్లవారుజామున నేల చల్లబడి గాలి ఒడ్డు నుంచి సముద్రం మీదకి వీస్తుంది. ఆ గాలితో చాప ఎత్తి బయల్దేరేవాళ్ళు. పొద్దెక్కి నేల వేడెక్కితే గాలి తిరగబడి సముద్రం నుంచి ఒడ్డుకి వీస్తుంది. దాంతో వెనక్కి వచ్చేవాళ్ళు. వాళ్ళ తెప్ప ఎంత తెలివైన పడవో చూడండి. తేలికైన దుంగలు నాలుగైదు చెక్కి, తాళ్ళతో కట్టి, ఒడ్డుకొచ్చాక కట్లు విప్పి ఎండబెట్టేవాళ్ళు. దుంగల సందుల్లోంచి నీళ్ళు వచ్చిపోతూనే ఉంటాయి, కాబట్టి నిండిపోయి మునిగే ప్రసక్తే లేదు. మసూలా పడవ ఇంకో అద్భుతం. చెక్కల్ని మేకులతో కాకుండా కొబ్బరి తాడుతో కుట్టేవాళ్ళు. మన ఒడ్డు మీద అల విరిగి పడే చోట మేకులు కొట్టిన పడవ బిగుసుకుని పగులుతుంది. కుట్టిన పడవ దెబ్బకి కాస్త వంగి మళ్ళీ సర్దుకుంటుంది. విశాఖపట్నం ఓడరేవు 1933లో తెరిచేదాకా ఓడలు దూరంగా లంగరు వేసుకునేవి. అక్కణ్ణుంచి మనుషుల్నీ సరుకుల్నీ ఒడ్డుకి చేర్చింది అలాంటి పడవలే.

కుట్టు పడవ అనగానే గుర్తొచ్చింది. 1960ల మొదట్లో ఇంగ్లండులో జాక్ హోల్ట్, బ్యారీ బక్నెల్ అనే ఇద్దరు మిర్రర్ డింగీ తయారు చేశారు. ప్లైవుడ్ ముక్కల్ని రాగి తీగతో కుట్టి, కుట్ల మీద గాజు పీచు పట్టీ, రెసిన్ అంటించడమే పద్ధతి. ఎవరికి వాళ్ళు ఇంట్లోనే కట్టుకునే వీలుంది. 10 అడుగుల 10 అంగుళాలు, ఎర్ర చాప. ప్రపంచమంతటా 70 వేలకి పైగా కట్టారు. తాళ్ళరేవు దగ్గర, కోరంగి చుట్టుపక్కల ఇవాళ్టికీ పడవలు కట్టే చేతులున్నాయి. 1839 నవంబరు తుపాను కోరంగిని తుడిచిపెట్టక ముందు అక్కడ సముద్రపు ఓడలే కట్టేవాళ్ళు. అలాంటి వాళ్ళ చేత ఒక కుటుంబ పడవ కట్టించుకోవాలన్నది నాకున్న కోరిక. విదేశం నుంచి తెప్పిస్తే సుంకం, రవాణా కలిసి పడవని మించిపోతాయి. పైగా ఏదైనా విరిగితే బాగుచేసే మనిషి మన పక్కన ఉండడు. చేత్తో కట్టిన మనిషి కాకినాడ జిల్లాలో ఉంటే ఆ ధైర్యం వేరు.

సరే, నీళ్ళ సంగతికి వద్దాం. ఏ పడవ అన్నది ఏ నీళ్ళు అన్నదాన్ని బట్టే తేలుతుంది.

తాండవ నిండు నీటిమట్టం 380 అడుగులు. దాని కింద అటు మన మండలాలు, ఇటు తుని వైపు కలిపి 50 వేల ఎకరాలకి పైగా ఆయకట్టు ఉంది. అంటే ఆ నీళ్ళు ముందు రైతువి. ఖరీఫ్‌కి నీళ్ళు వదిలాక మట్టం దిగుతుంది, గట్టు నుంచి నీళ్ళ దాకా బురద తేలుతుంది. తిరిగి వానలకి నిండాక, కార్తీకం నుంచి మాఘం దాకా పడవకి మంచి రోజులు. ఎండ నెత్తికెక్కదు, నీళ్ళు గట్టు దగ్గర ఉంటాయి. అయితే చుట్టూ కొండలున్న జలాశయంలో గాలి సముద్రం మీద వీచినట్టు ఒక్క తీరుగా వీచదు. కొండ చాటున ఆగిపోతుంది, సందులోంచి ఒక్కసారిగా తోస్తుంది, దిక్కు మార్చేస్తుంది. గాలి వేగం రెట్టింపయితే తెరచాప మీద తోపు నాలుగింతలవుతుంది. అందుకే ఇలాంటి చోట పెద్ద చాప ఉన్న సన్నటి పడవ కుటుంబానికి ప్రమాదం. మన్యం గాలి విసురుకి వెడల్పు పడవే తట్టుకుంటుంది.

చాప చిన్నది చేసుకునే వీలు కూడా ఉండాలి. గాలి పెరిగితే చాప కింది భాగాన్ని మడిచి కట్టేస్తారు, వాగు దాటేముందు పంచె పైకి ఎగగట్టినట్టు. ఆ కట్టే తాళ్ళు చాపకి ముందే కుట్టి ఉన్నాయో లేదో చూసి మరీ కొనండి. లేని చాప కుటుంబ పడవకి చాప కాదు. గంటకు 20 కిలోమీటర్ల లోపు గాలి అయితే ఇంటిల్లిపాదికీ హాయి. నీళ్ళ మీద అక్కడక్కడా తెల్లటి నురుగు తలలు లేస్తున్నాయంటే గాలి ఆ హద్దుకి వచ్చేస్తోందన్నమాట. చాప మడవాలి, లేదా ఒడ్డుకి తిప్పాలి. పిల్లలకి ఈ నురుగు గుర్తు నేర్పండి, పెద్దవాళ్ళకంటే వాళ్ళే ముందు చూసి చెప్తారు.

జలాశయాల్లో ఇంకో చిక్కు నీళ్ళ కింద ఉంటుంది. మునిగిన చెట్ల మోళ్ళు, పాత గట్లు, రాళ్ళు మట్టం దిగినప్పుడు పైకి దగ్గరవుతాయి. అడుగున కదలని పలక, అంటే కీల్, ఉన్న పడవ వాటికి తగిలి ఆగిపోతుంది. సెంటర్‌బోర్డు ఉన్న పడవ అలా కాదు. పడవ మధ్యలోంచి నీళ్ళలోకి దింపే పలక అది. పక్కవాటు జారిపోకుండా ఆపడం దాని పని. ఇరుసు మీద తిరిగే రకం అయితే మోడు తగలగానే దానంతటదే పైకి లేస్తుంది. నిలువుగా గుచ్చే రకం అయితే గుద్దుకుని పడవనే పగలగొట్టవచ్చు. తాండవకి ఇరుసు రకమే తీసుకోవాలి. చుక్కాని కూడా పైకి లేచేదే ఉండాలి. ఈ రెండూ లేపేస్తే పడవ జానెడు లోతు నీళ్ళలో కూడా తేలుతుంది, పిన్ని దిగే చోటికి వెళ్తుంది.

ఇక పూడిమడక, రేవుపోలవరం లాంటి తెరిచిన ఒడ్లున్నాయి. అక్కడ అల విరిగే చోటు దాటి పడవ తియ్యడం పుట్టినప్పటి నుంచీ ఆ పని చేసినవాళ్ళకే చెల్లుతుంది. అలలకి అడ్డంగా తిరిగిన పడవని ఒక్క అల బోర్లా పడేస్తుంది. కుటుంబాన్ని అందులో పెట్టకండి. సముద్రం మీద తిరగాలని ఉంటే అలలకి చాటు ఉన్న రేవు నుంచి, స్థానిక పడవవాళ్ళతో మాట్లాడుకుని వెళ్ళాలి. విశాఖలో అయితే పోర్టు, నౌకాదళం ఉన్న నీళ్ళవి. అడగకుండా చాప ఎత్తకూడదు. తాండవలోనూ అంతే, జలవనరుల శాఖ అనుమతి తీసుకునే పడవ దింపాలి. అక్టోబరు, నవంబరు తుపానుల నెలలు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ మీద ఏం చేసిందో చూసినవాళ్ళెవరూ ఆ నెలల్లో సముద్రం మీద సరదా పెట్టుకోరు.

ఇప్పుడు పేర్లు చెప్తాను. క్లబ్బుల్లో వీటి మాటే వినబడుతుంది కాబట్టి తెలిసి ఉండడం మంచిది. లేజర్ని కెనడా మనిషి బ్రూస్ కర్బీ గీశాడు. 13 అడుగుల 10 అంగుళాలు, 59 కిలోలు, ఒక్క చాప, ఒక్క మనిషి. 1996 నుంచి ఒలింపిక్స్‌లో ఉంది, ఇప్పుడు ఇల్కా అంటున్నారు. గొప్ప పడవ, కానీ మీ ఇంట్లో ఒక్కరికే. ఆప్టిమిస్ట్ పిల్లలది. 1947లో ఫ్లోరిడాలో క్లార్క్ మిల్స్ గీసిన ఏడున్నర అడుగుల చిల్లర పెట్టె పడవ. ఎంటర్‌ప్రైజ్ 1956 నాటి జాక్ హోల్ట్ పడవ, నీలం చాపలతో మన దేశంలో బాగా తిరిగింది. 13 అడుగుల 3 అంగుళాలు. ఇద్దరికి బాగుంటుంది, ముగ్గురెక్కితే ఇరుకు. పాత పడవ చవగ్గా దొరికింది కదా అని అయిదుగురి కుటుంబం ఎంటర్‌ప్రైజ్ కొనకండి.

నా ఓటు వేఫేరర్‌కి. ఇయన్ ప్రాక్టర్ 1957లో గీశాడు. 15 అడుగుల 10 అంగుళాల పొడవు, 6 అడుగుల 1 అంగుళం వెడల్పు, 168 కిలోలు. లోపల బల్లలున్నాయి, ముందూ వెనకా మూతలున్న అరలున్నాయి. ఆ అరల్లో గాలి ఉంటుంది కాబట్టి బోల్తా పడ్డా పడవ తేలుతుంది, సామాన్లూ తడవవు. సెంటర్‌బోర్డు ఇరుసు రకం. చాప మడిచి కట్టుకోవచ్చు. కింద రెండు చక్రాల తోపుడు బండి పెట్టుకుంటే ముగ్గురు మనుషులు నీళ్ళలోకి దింపగలరు, మామూలు జీపు ట్రైలర్ మీద లాక్కెళ్తుంది. ఫ్రాంక్ డై అనే ఆయన ఇలాంటి పడవలోనే 1963లో స్కాట్లండు నుంచి ఐస్‌లాండుకి వెళ్ళాడు. మనం తాండవలో అంత సాహసం చెయ్యక్కర్లేదు. ఆ సముద్రాన్ని తట్టుకున్న పడవ మన జలాశయంలో నిబ్బరంగా ఉంటుందని చెప్పడానికే ఈ మాట. అదే పేరున్నది దొరక్కపోయినా ఫర్వాలేదు. ఈ కొలతలు, ఈ లక్షణాలు ఉన్న పడవని మన తీరంలో ఫైబర్ తెప్పలు పోసే షెడ్డులో అయినా పోయించుకోవచ్చు, తెలిసినవాళ్ళ నమూనా చేతిలో ఉంటే.

జంట పొట్టల పడవ ఎందుకు కాదని మా తమ్ముడు అడిగాడు. మంచి ప్రశ్నే. కొండకర్ల ఆవలో చూశారా, తాటి మాను తొలిచిన దోనెలు రెండు జోడించి కట్టి తిప్పుతారు. ఒక్క తాటి దోనెలో కూర్చుంటే ఊపిరి పీల్చినా ఊగుతుంది. రెండు జోడిస్తే తామరల మధ్య నుంచి నిలకడగా వెళ్తుంది. అమెరికాలో హోబీ ఆల్టర్ చేసిన హోబీ 16 కూడా ఈ సూత్రం మీదే నడుస్తుంది. 16 అడుగుల 7 అంగుళాలు, దాదాపు 8 అడుగుల వెడల్పు. కానీ రెండు పొట్టల మధ్య బిగించిన గుడ్డ మీద కూర్చోవాలి. వీపుకి ఆసరా లేదు, కింద నుంచి నీళ్ళు చిమ్ముతూనే ఉంటాయి, చాప పెద్దది. కాలేజీ పిల్లలున్న ఇంటికి బాగుంటుంది. పిన్నికి మాత్రం కొండకర్ల జంట దోనే సుఖం, అది మెల్లగా వెళ్తుంది గనక.

పడవ కొన్న రోజే ఇంకో రెండు వస్తువులు కొనండి. ఒకటి తెడ్ల జత. మన జలాశయాల్లో పొద్దున పది దాకా గాలి సరిగా పడకపోవచ్చు, పడ్డా మధ్యలో ఆగవచ్చు. తెడ్లు ఉంటే ఎవరి మీదా ఆధారపడక్కర్లేదు. మోటారు కంటే అదే మంచిదంటాను, తాగునీళ్ళలో, సాగునీళ్ళలో నూనె కలవదు. రెండోది లైఫ్ జాకెట్లు, తలకొకటి, ఎవరి బరువుకి తగ్గది వాళ్ళకి. పిల్లల జాకెట్‌కి కాళ్ళ మధ్య నుంచి వచ్చే పట్టీ ఉండాలి. లేకపోతే నీళ్ళలో పడ్డప్పుడు జాకెట్ పైకి తేలి పిల్లాడు కిందికి జారిపోతాడు.

ఈ మాట దగ్గర నేను గొంతు తగ్గించలేను. 2019 సెప్టెంబరు 15న దేవీపట్నం మండలం కచ్చులూరు దగ్గర గోదావరిలో రాయల్ వశిష్ఠ మునిగింది. 70 మందికి పైగా ఎక్కారు. వరద రోజుల్లో, సుడులున్న చోట. 50 మంది దాకా ప్రాణాలు పోయాయి. కాకినాడ ధర్మాడి సత్యం బృందం ఆ పడవని బయటికి తీసేసరికి అక్టోబరు 22 వచ్చింది. మన రాష్ట్రంలో ఎన్నో ఇళ్ళలో ఆ తర్వాత పడవ అనే మాటే భయమైంది. ఆ భయాన్ని నేను గౌరవిస్తాను. దానికి జవాబు పడవ మానెయ్యడం కాదు. పడవ గట్టు మీద ఉండగానే జాకెట్ బకిల్ పెట్టుకోవాలి, దిగి గట్టెక్కాకే విప్పాలి. ఉక్కపోస్తోందని మధ్యలో తియ్యకూడదు. ఆరుగురి పడవలో ఏడో మనిషిని ఎక్కించకూడదు, చుట్టమైనా సరే, అధికారైనా సరే. వరద నీళ్ళలో దిగకూడదు. ఇంట్లో ఈ మూడింటికీ ఒప్పుకోని మనిషి ఉంటే ఆ మనిషి ఒప్పుకునేదాకా పడవ కొనకండి.

ఇంకో జాగ్రత్త, ఎవరూ చెప్పనిది. తెరచాప నిలబెట్టే కొయ్య ఇప్పుడు అల్యూమినియంతో వస్తుంది, 20 అడుగులు దాటుతుంది. గట్టు మీద దాన్ని నిలబెట్టేముందు తలెత్తి కరెంటు తీగలు ఎక్కడున్నాయో చూడాలి. పొలాల మధ్య, గట్ల పక్కన తీగలు కిందికి వేలాడుతుంటాయి. కొయ్య ఎత్తి ట్రైలర్ నడపకూడదు, నీళ్ళ ఒడ్డుకి చేరాకే ఎత్తాలి.

నేర్చుకోవడం సంగతి. హుస్సేన్‌సాగర్‌లో ఈఎంఈ సెయిలింగ్ అసోసియేషన్ చాలా ఏళ్ళుగా లేజర్ పందేలు నడిపిస్తోంది. 2009లో యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ మొదలైంది. అక్కడ పేదింటి పిల్లలకి, ప్రభుత్వ బడి పిల్లలకి ఆప్టిమిస్ట్ మీద నేర్పించి జాతీయ పందేలకి పంపిస్తున్నారు. చాప ఎత్తే పని డబ్బున్నవాళ్ళదే అనేవాళ్ళు ఆ పిల్లల్ని ఒకసారి చూడాలి. 2017 సెప్టెంబరు 10న గోవా నుంచి బయల్దేరి, తారిణి అనే 55 అడుగుల తెరచాప పడవ మీద ఆరుగురు నౌకాదళ మహిళా అధికారులు భూమి చుట్టి 254 రోజుల తర్వాత 2018 మే 21న తిరిగొచ్చారు. ఆ ఆరుగురిలో పాతర్లపల్లి స్వాతి విశాఖపట్నం అమ్మాయి, బొడ్డపాటి ఐశ్వర్య హైదరాబాద్ అమ్మాయి. మన పిల్లలకి ఈ పేర్లు సినిమా పేర్లంత బాగా తెలియాలని నేను నిజంగా కోరుకుంటున్నాను.

మా తమ్ముడికి చివరికి చెప్పింది ఇదీ: 16 అడుగుల లోపు, 6 అడుగుల వెడల్పు, లోపల బల్లలు, తల పైనుంచి వెళ్ళే అడ్డకర్ర, మడిచి కట్టే చాప, ఇరుసు మీద లేచే పలక, బోల్తా పడ్డా మునగని గాలి అరలు, ట్రైలర్ మీద వచ్చే బరువు. ఇందులో ఏ ఒక్కటి లేకపోయినా పడవ ఎంత ముచ్చటగా ఉన్నా వెనక్కి తిరిగొచ్చెయ్యమన్నాను. "రంగు?" అన్నాడు. "చాపకి మాత్రం నారింజో ఎరుపో వేయించు, గట్టు మీద ఉన్నవాళ్ళకి దూరం నుంచి కనబడాలి" అన్నాను.

మీకూ ఈ కోరిక పుడితే ముందు పిల్లలకి ఈత నేర్పించి, మీరూ నేర్చుకోండి. తర్వాత జూలైలో హైదరాబాద్ వెళ్ళే పనుంటే మాన్సూన్ రెగట్టా పడవ పందేల రోజుల్లో హుస్సేన్‌సాగర్ గట్టు మీద ఒక పూట గడపండి. అక్కడ పడవల వాళ్ళని అడిగి, ఒడ్డు మీద ఆపిన పడవల్లో ఇంట్లో అందర్నీ ఒకసారి కూర్చోబెట్టండి. డబ్బు ఇచ్చేది ఆ తర్వాతే.